మా చిన్న బ్రూవరీ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

కౌంటర్ దగ్గర నిలబడి రోజూ చెప్పే జవాబులే ఇవి. హైదరాబాద్‌లో కొండాపూర్ వైపు ఒక కాలనీ అంచున ముగ్గురు పార్ట్‌నర్లం కలిసి నడుపుతున్న చిన్న బ్రూవరీ మాది. 500 లీటర్ల కెటిల్ (కాచే పాత్ర) ఒకటి, ఫెర్మెంటర్లు (పులియబెట్టే ట్యాంకులు) ఆరు, ట్యాపులు ఎనిమిది. కొన్ని ప్రశ్నలకు ఒక్క ముక్కలో జవాబు అయిపోతుంది. కొన్నింటికి అవదు. అలాంటివి ఎవరైనా అడిగారంటే పక్క టేబుల్ వాళ్లు ఆర్డర్ కోసం చూసీ చూసీ నన్ను తిట్టుకుంటారు. అందుకే రాసి పెట్టాను.

బీరు నిజంగా ఇక్కడే తయారవుతుందా, ఆ ట్యాంకులు షోకేనా?

ఇక్కడే. మంగళవారం, శుక్రవారం పొద్దున వస్తే గాజు గోడకి అవతల మేం చెమటలు కక్కుతూ కనిపిస్తాం.

పని చెప్పుకుంటే తేలికే. బార్లీని నానబెట్టి, మొలక రాగానే వేడిగాలికి ఆరబెడితే అది మాల్ట్. మన ఇళ్లలో పసిపిల్లల కోసం రాగులు మొలకెత్తించి ఎండబెడతారు చూడండి, అదే పద్ధతి. ఆ మాల్ట్ మాకు బస్తాల్లో వస్తుంది. బ్యాచ్‌కి దాదాపు 100 కిలోలు పడుతుంది. గింజ పగిలేట్టు మిల్లు ఆడతాం, మెత్తగా పిండి చేయం. పైపొట్టు నిలవాలి, దాని సంగతి కింద వస్తుంది. 65 నుంచి 67 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి చక్కెరగా మారుతుంది. ఆ తియ్యటి నీళ్లను వర్ట్ అంటాం. దాన్ని వడగట్టి, హాప్స్ (చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు) వేసి గంట మరిగించి, చల్లార్చి, ఈస్ట్ కలుపుతాం. ఈస్ట్ అంటే ఏంటని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: పాలకి తోడు ఎలాగో దీనికి ఈస్ట్ అలాగ. నిన్నటి పెరుగులోంచి ఇవాళ్టి తోడు తీసినట్టే, పులియడం అయిపోయాక ట్యాంకు అడుగున చేరిన ఈస్ట్‌ను తీసి తర్వాతి బ్యాచ్‌కి వాడుకుంటాం. ఏడెనిమిది సార్లు అయ్యాక కొత్తది తెప్పిస్తాం. తోడు పాతబడితే పెరుగుకి ఏమవుతుందో మీకు తెలుసు.

పోయినసారి తాగిన లాగర్ లేదంటున్నారు, ఎప్పుడొస్తుంది?

లాగర్‌కి 10, 12 డిగ్రీల చలిలో నెమ్మదిగా పులియడం, ఆ తర్వాత ఇంకా చల్లగా పడుకోవడం అలవాటు. ఐదారు వారాలు తీసుకుంటుంది. గోధుమ బీరు రెండు వారాల్లో గ్లాసులోకి వచ్చేస్తుంది. ఒక ట్యాంకులో లాగర్ నిద్రపోతున్నంత కాలంలో పక్క ట్యాంకులో గోధుమ బీరు రెండుసార్లు నిండి ఖాళీ అవుతుంది. అద్దె మాత్రం రెండు ట్యాంకులకీ ఒకటే. అందుకే లాగర్ మా దగ్గర ఎప్పుడూ ఒక్క ట్యాంకే, అది అయిపోతే అయిపోయినట్టే. బోర్డు మీద దాని పేరు కనబడ్డ రోజున తాగేయండి.

గ్లాసులో నురగ ఎక్కువ పోస్తున్నారు. డబ్బులు బీరుకా, నురగకా?

వారానికి ఒకసారైనా ఈ గొడవ తప్పదు. మా గ్లాసులు చూడండి, పై అంచుకి రెండు వేళ్ల కింద సన్నటి గీత ఉంటుంది. 500 మిల్లీలీటర్లు అంటే ఆ గీత వరకు. నురగ ఆ గీత పైన ఉండాలి. గీత కిందికి బీరు తగ్గిందనిపిస్తే గ్లాసు వెనక్కి ఇవ్వండి, మారుమాట లేకుండా నింపి ఇస్తారు. ఇవ్వకపోతే నన్ను పిలవండి.

నురగ అసలు లేకుండా పొయ్యమంటే మాత్రం మా అబ్బాయిలు కాస్త మొహం మాడుస్తారు, ఏమీ అనుకోవద్దు. గోధుమ బీరులో అరటిపండు వాసన, లవంగం వాసన వస్తాయి కదా. మేం అరటిపండూ వేయలేదు, లవంగమూ వేయలేదు. ఆ రెండూ ఈస్ట్ చేసిన పనే. ఆ వాసన ముక్కుకి బాగా అందేది నురగ పగిలేటప్పుడే. ఇంకో మాట, నురగ లేకుండా పోస్తే గ్యాసంతా బీరులోనే ఉండి మీ కడుపులోకి చేరుతుంది. తర్వాత అవస్థ మీదే.

గ్లాసు లోపలి గోడకి బుడగలు అంటుకుని కనిపిస్తే అది గ్లాసు సరిగ్గా కడగలేదన్న గుర్తు. నూనె జిడ్డో, సబ్బో మిగిలింది. దాన్ని మాత్రం మొహమాటపడకుండా వెనక్కి పంపండి. మిర్చి బజ్జీ తిన్న చేత్తో మీరే పట్టుకున్న గ్లాసైతే మేమేం చేయలేం.

గోధుమ బీరులో వరి ఊక కలుపుతారట. అది కల్తీ కాదా?

వర్ట్ వడగట్టాక మిగిలే గింజల పిప్పి వేసే తొట్టిలో ఊక చూసి ఒకాయన వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాడు. అప్పటి నుంచి ఈ ప్రశ్న మొదలైంది. కలుపుతాం, దాచేదేమీ లేదు. అది బీరులోకి మాత్రం రాదు.

బార్లీకి పైపొట్టు ఉంటుంది. మాల్ట్ నానిన తర్వాత తియ్యటి నీళ్లు కిందికి దిగాలంటే ఆ పొట్టే జల్లెడ. గోధుమకి పొట్టు ఉండదు, పైగా జిగురెక్కువ. సగానికి పైగా గోధుమ వేసి కాస్తే అడుగున ముద్దకట్టి, చుక్క దిగదు. మా మూడో బ్యాచ్‌లోనే ఆ అనుభవం అయింది. పొద్దున 7కి మొదలుపెట్టాం, 11 అయినా పైపులోంచి సన్నటి దారమే వస్తోంది. పొడవాటి తెడ్డుతో కలిపాం, వేడినీళ్లు కింది నుంచి ఎదురు తోశాం, కాసేపు దారం కాస్త లావెక్కి మళ్లీ ఆగిపోయింది. ఉప్మా అడుగంటితే గరిటెతో గీకినట్టు గీకుతూనే ఉన్నాం. రాత్రి 9కి వడపోత ముగిసింది, ఆ తర్వాత ఇంకా గంట మరిగించాలి. ఇంటికి చేరేసరికి రెండు.

ఇంతటి తిప్పలకి మందు మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కుప్పలుగా పడి ఉంటుంది. ఊకని రెండు మూడు నీళ్లు కడిగి, దుమ్ము పోగొట్టి, గోధుమతో కలిపి వేస్తే ముద్ద మధ్యలో సందులు ఏర్పడి నీళ్లు జారిపోతాయి. ఊకకి రుచి లేదు, చక్కెర లేదు. పని అయ్యాక పిప్పితో పాటే బయటికి పోతుంది. ప్రపంచమంతా గోధుమ బీరు కాసేవాళ్లు చేసే పనే ఇది. కాకపోతే వాళ్లు ఊకని ప్యాకెట్లలో కొనుక్కుంటారు.

కల్లు కాంపౌండ్‌కి, మీకూ తేడా ఏంటి?

రేటు అని నవ్వేస్తారు చాలామంది. నాకు ఈ ప్రశ్న ఇష్టం.

తాటిచెట్టు నుంచో, ఈతచెట్టు నుంచో దిగే నీరా పుట్టడమే తియ్యగా పుడుతుంది. గాల్లో, లొట్టిలో ఉన్న ఈస్ట్ దాన్ని అప్పటికప్పుడే పట్టుకుంటుంది. పులవకుండా ఆపాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. పొద్దున దించింది సాయంత్రానికి పులుపెక్కి ఇంకో రకం అవుతుంది. బార్లీలో చక్కెర లేదు, పిండి ఉంది. దాన్ని మొలకెత్తించి, నానబెట్టి, చక్కెర చేసి, అప్పుడు ఈస్ట్‌కి పెట్టాలి. గీత కార్మికుడికి చెట్టు చేసిపెట్టే పని మేం కరెంటు బిల్లు కట్టి చేసుకుంటున్నాం, అంతే.

దగ్గరితనం ఎక్కడంటే, రెండూ ప్రయాణానికి పనికిరావు. కల్లు ఏ ఊళ్లో దించారో ఆ ఊళ్లోనే తాగాలి. మా బీరు కూడా ఫిల్టర్ చేయం, పాశ్చరైజ్ చేయం. ఈస్ట్ బతికే ఉంటుంది. ట్యాంకు నుంచి ట్యాపుకి పదిహేను అడుగులు దాటితే నాకు టెన్షనే. సంగారెడ్డి వైపు పెద్ద ఫ్యాక్టరీల్లో తయారై, డిపోలకు, అక్కడి నుంచి షాపులకు వెళ్లే బాటిల్ బీరు నెలల తరబడి నిలవాలి కాబట్టి దాని లెక్క వేరు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ప్రతి సీసా ఒకేలా ఉండేట్టు చేయడం మాకైతే చేతకాదు.

మా నల్గొండ తాత ఒకసారి వచ్చి గోధుమ బీరు రెండు గుటకలు తాగి, "పొద్దుగూకిన కల్లు లెక్కుందిరా, గింత ధరనా?" అన్నాడు. మొదటి ముక్కని పొగడ్తగానే తీసుకున్నాను.

పార్సిల్ ఇస్తారా?

ఇవ్వం. మా లైసెన్సు ఇక్కడే కాచి ఇక్కడే పోయడానికి. ఫ్రెండ్‌ని కదా అని వాటర్ బాటిల్ తెచ్చి బతిమాలొద్దు, దయచేసి.

బీరు వెజ్జా?

మంచి ప్రశ్న, నవ్వేవాళ్లు తెలియక నవ్వుతారు. బీరు తేటపడటానికి చేప తిత్తి నుంచి తీసిన ఐసింగ్లాస్ అనే పదార్థం వాడే అలవాటు ఇంగ్లండ్‌లో చాలా కాలంగా ఉంది. మేం వాడం. మరిగేటప్పుడు సముద్రపు నాచు పొడి కాస్త వేస్తాం, మిగతాది చలికే దిగిపోతుంది. గోధుమ బీరు మబ్బుగానే ఉండాలి కాబట్టి దానికి అదీ లేదు. అయితే గోధుమ, బార్లీ పడనివాళ్లకి, అంటే గ్లూటెన్ సమస్య ఉన్నవాళ్లకి, మా ట్యాపుల్లో ఒక్కటీ పనికిరాదు.

బిల్లులో తిండికి జీఎస్‌టీ, బీరుకి వ్యాట్ అని రెండు రకాలెందుకు?

తాగే మద్యాన్ని జీఎస్‌టీ బయటే ఉంచారు. దాని మీద పన్ను రాష్ట్రానిది. తిండి మీద జీఎస్‌టీ. బిల్లు రెండు ముక్కలుగా కనబడటానికి కారణం అదే. బీరు మీద కూడా జీఎస్‌టీ వేసిన బిల్లు ఎక్కడైనా కనిపిస్తే తప్పకుండా అడగండి.

పిల్లల్ని తీసుకురావచ్చా? వయసు ఎంత ఉండాలి?

తెలంగాణలో తాగడానికి 21 నిండాలి. అనుమానం వస్తే ఐడీ అడుగుతాం, నెరిసిన గడ్డం చూసి కూడా ఒకసారి అడిగాం, ఆయన సంతోషించాడు. పిల్లలతో రావాలనుకుంటే ముందుగా ఒక ఫోన్ చేయండి.

తాగాక బండి నడపొచ్చా, ఒక్కటే కదా?

వద్దు. చట్టం గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. ఒక్క గ్లాసు ఎవరి ఒంట్లో ఎంత చూపిస్తుందో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. మొదటిసారి దొరికితే పదివేల జరిమానా, ఆరునెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. కారు మా దగ్గరే వదిలి వెళ్లండి, పొద్దున 11 దాకా పార్కింగ్‌కి ఏమీ తీసుకోం. తాళం కౌంటర్‌లో ఇవ్వక్కర్లేదు, జేబులో పెట్టుకుని ఆటో ఎక్కితే చాలు.

డ్రై డే రోజున బీరు ఏమవుతుంది?

ట్యాపు మూస్తాం, ట్యాంకు మూయలేం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 ముందే తెలుస్తాయి. ఎన్నికలైతే పోలింగ్ ముగిసే వేళకి ముందు 48 గంటలు, లెక్కింపు రోజు. నిమజ్జనం వంటి రోజులకి కమిషనర్ గారి ఉత్తర్వులు. ఈస్ట్‌కి ఇవేమీ పట్టవు. అక్టోబర్ 2న కూడా మా బ్రూవర్ వచ్చి ఉష్ణోగ్రతలు రాసుకుని వెళ్తాడు.

కాలనీ వాళ్లం. వారానికి రెండు రోజులు ఆ వాసనేంటి? నీళ్లన్నీ మీరే తోడేస్తున్నారా?

వాసన మాల్ట్ ఉడికేది. మూడో ఇంటి ఆంటీ మొదటి నెలలో వచ్చి "బాబూ, హార్లిక్స్ కాస్తున్నారా?" అని అడిగారు. సరిగ్గా పట్టారు. హార్లిక్స్‌లోనూ ఉండేది మొలకెత్తిన బార్లీయే. రాజమండ్రి ఫ్యాక్టరీ వైపు పెరిగినవాళ్లకి ఈ వాసన కొత్త కాదు. మధ్యాహ్నం రెండింటికల్లా తగ్గిపోతుంది.

నీళ్ల మాట నిజం, ఒప్పుకోవాలి. లీటరు బీరుకి మా స్థాయి వాళ్లకి ఆరేడు లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. బీరులోకి వెళ్లేది కొంచెమే, మిగతాదంతా కడగడానికీ చల్లార్చడానికీ. మరిగే వర్ట్‌ని చల్లార్చిన నీళ్లు వేడెక్కి వస్తాయి, వాటిని పారబోయకుండా మర్నాటి కడుగుడుకి దాచుకుంటున్నాం. వాడిన నీళ్లు నేరుగా డ్రైనేజీలోకి వదలం. మా వెనక ఉన్న చిన్న ప్లాంట్‌లో శుద్ధి అయ్యాకే బయటికి వెళ్తాయి. పొల్యూషన్ బోర్డు అనుమతి కాగితం కౌంటర్ వెనక గోడకే ఉంది, చూడొచ్చు.

స్పీకర్లు రాత్రి పదికి బయట ఆపేస్తాం. పార్కింగ్ విషయంలో తప్పు మాదే అని అసోసియేషన్ మీటింగ్‌లో ఒప్పుకున్నాం. శని, ఆదివారాల్లో మీ గేటు ముందు ఎవరైనా బండి పెడితే సెక్యూరిటీకి చెప్పండి, పది నిమిషాల్లో తీయిస్తాం.

ఎప్పుడైనా బ్యాచ్ పాడైందా?

రెండు. ఒకటి చెప్తాను, రెండోది చెప్పుకోలేనిది.

ఒక మే నెలలో బోరు ఎండిపోయి ట్యాంకర్ నీళ్లు తెప్పించాం. ఆ నీళ్లలో క్లోరిన్ దండిగా ఉంది. అది తప్పు కాదు, తాగే నీళ్లకి క్లోరిన్ ఉండాలి. తీసేయాల్సింది మా కార్బన్ ఫిల్టర్. దాని గడువు నెల కిందటే అయిపోయింది, మార్చాల్సినవాణ్ని నేనే. రెండు వారాల తర్వాత ట్యాపు తిప్పి వాసన చూస్తే, దెబ్బ తగిలిన పిల్లాడికి చుట్టిన బ్యాండేజీ వాసన. క్లోరిన్ మాల్ట్‌తో కలిస్తే అలాగే అవుతుంది, వంద కోట్ల వంతుల్లో కొద్ది వంతులు ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మసాలా ఏదైనా వేసి కప్పేద్దామా అని ఒక పార్ట్‌నర్ అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఒక్క క్షణం ఆశ పుట్టింది. 500 లీటర్లూ వదిలేశాం. కాలువలోకి కాదు, వెనక ప్లాంట్‌లోకి కొంచెం కొంచెంగా నాలుగు రోజులు. ఒక్కసారే వదిలితే అక్కడి బ్యాక్టీరియా కూడా చస్తుంది.

ఆ మే నెలే ఇంకోటి నేర్పింది. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీళ్లు 35 డిగ్రీలున్నప్పుడు ఆ నీళ్లతో వర్ట్‌ని 20కి చల్లార్చడం ఎవరి తరమూ కాదు. పుస్తకాలు చల్లటి దేశాల్లో రాశారు. మనకి రెండో విడత చల్లటి నీళ్ల ట్యాంకు, చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మెషీన్), దానికి జనరేటర్ కావాలి.

ఐటీ జాబ్ వదిలేసి నేనూ ఒకటి పెడదామనుకుంటున్నాను. ఏమంటారు?

నెలకి ఇద్దరు అడుగుతారు. ముందు ఒక శుక్రవారం పొద్దున 6కి వచ్చి, గంబూట్లు వేసుకుని, సాయంత్రం దాకా మాతో ఉండండి అంటాను. ఇప్పటిదాకా వచ్చినవాళ్లలో ఇద్దరే మధ్యాహ్నం దాటారు.

ఎందుకంటే ఇది కాచే పని అనుకుని వస్తారు, నిజానికి కడిగే పని. ట్యాంకు ఖాళీ అవ్వగానే నీళ్లు, తర్వాత వేడి కాస్టిక్ సోడా నీళ్లు, మళ్లీ మామూలు నీళ్లు, యాసిడ్, మళ్లీ నీళ్లు, నింపే ముందు శానిటైజర్. పైపులు, వాల్వులు, రబ్బరు వాషర్లు విప్పి విడిగా. ట్యాపు లైన్లు రెండు వారాలకోసారి. ఒక్క వాషర్ సందులో మురికి మిగిలినా నెల తర్వాత బీరు పుల్లబడి పట్టిస్తుంది. కాస్టిక్ కంట్లో పడితే చూపు పోతుంది. పులిసిన ట్యాంకులో కార్బన్ డయాక్సైడ్ అడుగున కూర్చుని ఉంటుంది, కనపడదు, తల లోపల పెడితే స్పృహ తప్పుతుంది. మా దగ్గర కళ్లద్దాలు లేకుండా కాస్టిక్ ముట్టుకున్నవాణ్ని ఆ రోజుకి ఇంటికి పంపేస్తాం, పార్ట్‌నర్ అయినా సరే.

ఇంట్లో ప్రాక్టీస్ చేద్దామంటే చట్టం ఒప్పుకోదు, లైసెన్సు లేకుండా బీరు కాయడం నేరమే. ఎక్కడైనా నడుస్తున్న బ్రూవరీలో పని నేర్చుకోవాలి. తెలంగాణలో మైక్రోబ్రూవరీలకి నిబంధనలు 2015లో వచ్చాయి. ఆ తర్వాత మార్పులు జరుగుతూనే ఉన్నాయి కాబట్టి ఎవరో చెప్పిన ఫీజు, ఎవరో చెప్పిన కొలతలు నమ్మి బిల్డింగ్ లీజుకి సంతకం పెట్టొద్దు. ఎక్సైజ్ ఆఫీసుకి వెళ్లి తాజా జీవో చదువుకోండి. లైసెన్సు ఒక్కటే కాదు, ఫుడ్ సేఫ్టీ, ఫైర్, పొల్యూషన్, మున్సిపాలిటీ, అన్నీ వరసగా ఉంటాయి. ఒకటి ఆగితే అన్నీ ఆగుతాయి, అద్దె ఆగదు. మేం అద్దె కట్టడం మొదలుపెట్టాక మొదటి గ్లాసు పోయడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

డబ్బు ఎక్కడ పోతుందో కూడా చెప్తాను. అందరూ మెరిసే కెటిల్ ధర అడుగుతారు. మమ్మల్ని ముంచింది నేల. ఫ్లోర్ వాలు తప్పుగా వేశారు, నీళ్లు కాలువ వైపు కాకుండా చిల్లర్ వైపు వెళ్లేవి. ట్యాంకులు దించాక మళ్లీ ఫ్లోర్ తవ్వడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. ట్యాంకులు రాకముందే బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి.

ఇండిపెండెంట్ అంటారు, అంటే?

ఏ పెద్ద కంపెనీ వాటా లేదు. ఏ బీరు కాయాలో ముగ్గురం కొట్లాడుకుని తేల్చుకుంటాం. బంగినపల్లి సీజన్‌లో మామిడి బీరు పెట్టాలా వద్దా అని ఏటా ఇదే గొడవ. నేను వద్దనే వర్గం, ఏటా ఓడిపోతాను, ఏటా అదే ముందు అయిపోతుంది.

ఆ పిప్పి ఏం చేస్తారు? మాకిస్తారా?

తీపి దిగిపోయిన గింజలో పీచు, ప్రోటీన్ మిగిలే ఉంటాయి. శంకర్‌పల్లి వైపు నుంచి ఒక పాడి రైతు ట్రాలీ ఆటోలో వచ్చి తీసుకెళ్తాడు, గేదెలకి దాణాలో కలుపుతాడు. ఊక ఉన్న గోధుమ బ్యాచ్ పిప్పి ఆయనకి నచ్చదు, బార్లీదే అడుగుతాడు. మేం డబ్బు తీసుకోం, ఆయన దసరాకి నెయ్యి తెస్తాడు. ఎండాకాలం ఆ రోజే తీసుకెళ్లకపోతే సాయంత్రానికి పులిసి కంపు కొడుతుంది, అందుకే ఆయన ఫోన్ ఎత్తకపోతే నాకు గుండె దడ.

మొక్కలకి కంపోస్టు చేసుకునేవాళ్లు మంగళ, శుక్రవారాల్లో పదకొండున్నరకి వెనక గేటు దగ్గరికి బకెట్ తెచ్చుకోండి. పిప్పి అప్పుడే తీసింది, చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. ప్లాస్టిక్ కవర్ తెస్తే మెట్ల మీదే చిరిగిపోతుంది.